కాలి ముందటి వెలుతురు

విదేశానికి పోయి వచ్చినవాణ్ణి మన వైపు ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "అక్కడ ఏం తిన్నావు? ఏం తెచ్చినావు?" ఊరు ఎట్లా ఉంది, మనుషులు ఎట్లాంటివాళ్ళు అన్న ప్రశ్నలు తర్వాత వస్తాయి, ఒక్కోసారి రానే రావు. 2023 ఏప్రిల్‌లో మా అమ్మాయిని చూడడానికి నేనూ మా ఆవిడా సింగపూరు వెళ్ళి 16 రోజులు ఉండి వచ్చాం. తిరిగి వచ్చి సుగటూరులో మా ఇంటి అరుగు మీద కూర్చోగానే ఈ రెండు ప్రశ్నలూ ఎదురయ్యాయి. రెండింటికీ కాస్త గొప్పగానే జవాబు చెప్పాను. వాటిలో ఒక జవాబు గొప్ప చెప్పుకోవలసింది కాదని తెలియడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఆ సంగతి రాస్తే నలుగురికీ పనికి వస్తుందేమోనని ఈ ప్రయత్నం.

మాది కోలారు జిల్లా సుగటూరు. చరిత్ర పుస్తకాలు చూసేవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. విజయనగర రాజుల కాలంలో కోలారు, హొసకోట ప్రాంతాలను ఏలిన తమ్మేగౌడ వంశపు పాళెగాళ్ళకు మా ఊరే ఇంటిపేరు. ఇప్పుడు పాళెగాళ్ళు లేరు. టమోటా ఉంది, మల్బరి ఉంది, పాల డెయిరీ ఉంది, వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయో లేదో తెలియని బోరుబావులు ఉన్నాయి. నేను కన్నడ మీడియంలో చదువుకొని, అమ్మ ఒళ్ళో తెలుగు అక్షరాలు దిద్ది, బి.కాం. పట్టా పుచ్చుకొని బ్యాంకులో చేరినవాణ్ణి. మా అన్న చదువు మాని పొలం చూసుకున్నాడు. నేను చదవగలిగింది ఆయన మానినందువల్లనే అని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

మా అన్న ఎవరినీ ఏ వస్తువూ అడిగే మనిషి కాడు. ఈసారి ప్రయాణానికి ముందు నేనే పట్టుబట్టి అడిగితే, కొంచెం ఆలోచించి, "ఏమీ వద్దురా. కుదిరితే ఒక మంచి బ్యాటరీ తీసుకోని రా. రాత్రిపూట మోటారుకాడికి పోవాల గదా" అన్నాడు.

బ్యాటరీ అంటే మా వైపు టార్చిలైటు. లోపల వేసేవి సెల్లులు. చిన్నప్పుడు మా నాన్న దగ్గర మూడు సెల్లుల ఇత్తడి బ్యాటరీ ఉండేది. సెల్లులు నీరసించినప్పుడు వాటిని ఎండలో పెడితే ఇంకో నాలుగు రోజులు పని చేస్తాయని అమ్మ వాటిని వడియాల పక్కన పెట్టేది. మా ఇంటికి కరెంటు వచ్చింది నేను హైస్కూలుకు వచ్చాకే. కరెంటు వచ్చాక కూడా బ్యాటరీ అవసరం తీరలేదు. పంపుసెట్లకు మూడు ఫేజుల కరెంటు రోజంతా ఉండదు. కర్ణాటకలో రైతుకు ఇచ్చేది రోజుకు 7 గంటలు అంటారు. అందులో కొంత పగలు, కొంత రాత్రి. మా ఊళ్ళో ఒక్కోసారి రాత్రి 11 గంటలకు వస్తుంది, ఒక్కోసారి తెల్లవారుజామున 3 గంటలకు. వచ్చినప్పుడు లేచి, చెరువు కట్ట దిగి, రెండు గట్లు దాటి పోయి మోటారు వేయాలి. అది మా అన్న చీకటి. ముప్పై ఏళ్ళుగా ఆయన నడుస్తున్న చీకటి.

ఇక సింగపూరులో నేను ఏం చేశానో చెప్తాను. రోచోర్ అనే చోట సిమ్ లిమ్ స్క్వేర్ అని ఒక భవనం ఉంది. అంతస్తు మీద అంతస్తు, అన్నీ ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్ళే. మన బెంగళూరు ఎస్.పి. రోడ్డును ఎత్తి నిలువునా నిలబెట్టి చల్లగాలి నింపినట్టు ఉంటుంది. అక్కడ బ్యాటరీల కోసం రెండు రోజులు తిరిగాను. మా ఆవిడ మొదటి రోజు నాతో వచ్చి, రెండో రోజు దండం పెట్టేసింది.

బ్యాటరీల్లో ఇంత శాస్త్రం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పెట్టె మీద రెండు ముఖ్యమైన అంకెలు ఉంటాయి. ల్యూమెన్ అంటే దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురు. మీటర్లలో రాసేది ఆ వెలుతురు ఎంత దూరం పోతుందనేది. ఈ దూరాన్ని కొలవడానికి 2009 నుంచి ఒక అమెరికన్ ప్రమాణం ఉంది. వెలుతురు తగ్గి తగ్గి 0.25 లక్స్‌కు, అంటే సుమారుగా నిండు పున్నమి వెన్నెల అంతకు, దిగిన చోటు ఏదో అదే ఆ బ్యాటరీ దూరం. ఉన్న వెలుతురునే లోతైన అద్దపు గిన్నెతో ఒక్కచోటికి పోగు చేస్తే దూరం పెరుగుతుంది, వెడల్పు తగ్గుతుంది. పరిచేస్తే వెడల్పు పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. రెండూ ఒకే దీపంలో పూర్తిగా దొరకవు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే నిధి ఒకటే, కేటాయింపు వేరు.

ఇంత తెలుసుకొని నేను చేసింది ఏమిటంటే, దూరం అంకె పెద్దదిగా ఉన్నది కొన్నాను. 600 మీటర్లు. అరచేతిలో ఇమిడేంత చిన్నది. 98 సింగపూరు డాలర్లు, అప్పటి లెక్కలో ఆరు వేల రూపాయలు. రీఛార్జి చేసే లిథియం సెల్లు. విమానంలో విడి సెల్లును పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే పెట్టుకోవాలి అని అంగడివాడు జాగ్రత్త కూడా చెప్పాడు. ఆ రాత్రి అమ్మాయి వాళ్ళ పదకొండో అంతస్తు వరండాలో నిలబడి దాన్ని వెలిగించి చూడాలనుకుంటే చీకటి దొరకలేదు. ఎక్కడ చూసినా దీపాలు. చివరికి మెట్ల కింద ఒక మూలకు పోయి వెలిగించి, గోడ మీద పడ్డ తెల్లటి గుండ్రని చుక్కను చూసి సంతోషపడి వచ్చాను. చీకటే లేని ఊళ్ళో కూర్చొని మా ఊరి చీకటికి మందు కొన్నాను. అప్పుడు ఆ మాట నాకు తట్టలేదు.

ఆ భవనం గురించి అమ్మాయి ఒక సంగతి చెప్పింది. 2014 నవంబరులో వియత్నాం నుంచి వచ్చిన ఒక ఫ్యాక్టరీ కార్మికుడు అక్కడి ఒక అంగట్లో తన స్నేహితురాలి కోసం 950 డాలర్లు పెట్టి ఫోను కొన్నాడట. డబ్బు తీసుకున్నాక వారంటీ పేరుతో ఇంకా పెద్ద మొత్తం కట్టమన్నారట. అతను మోకాళ్ళ మీద కూర్చొని ఏడుస్తూ డబ్బు తిరిగి ఇమ్మని బతిమాలుతున్న దృశ్యం లోకమంతా చూసింది. ఆ అంగడివాడికి మరుసటి సంవత్సరం కోర్టు జైలుశిక్ష వేసింది. అమ్మాయి ఇదంతా నేను మోసపోకూడదని చెప్పింది. నాకు మాత్రం ఆ కార్మికుడి మోకాళ్ళే గుర్తుండిపోయాయి. ఇంటి దగ్గర ఉన్న ఒక మనిషి ముఖం కళ్ళలో పెట్టుకొని కొనేవాడు ఎంత సులువుగా లొంగిపోతాడు! నేను ఏ అంగడివాడి చేతిలోనూ మోసపోలేదు. రసీదు సరిగ్గా ఉంది, వస్తువు అసలుది. నన్ను మోసం చేసుకునే పని నేనే చూసుకున్నాను.

ఇప్పుడు తిండి సంగతి. సింగపూరులో వీధి పక్కన బండ్ల మీద వండి అమ్మేవాళ్ళను 1970లలో, 80లలో ప్రభుత్వం కుళాయిలు, మురుగు కాలువలు ఉన్న పెద్ద పెద్ద షెడ్లలోకి చేర్చింది. వాటిని హాకర్ సెంటర్లు అంటారు. 2020 డిసెంబరులో యునెస్కో ఆ తిండి సంస్కృతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. మా అమ్మాయి ఇంటికి దగ్గరలోది టెక్కా సెంటరు, లిటిల్ ఇండియాలో ఉంది. దాన్ని పాతవాళ్ళు కండాంగ్ కెర్బావు అంటారట. మలయ్ భాషలో ఎనుముల దొడ్డి అని అర్థం. ఒకప్పుడు అక్కడ పశువుల వ్యాపారం జరిగేది. పక్కన ఉన్న వీధి పేరు ఇప్పటికీ బఫెలో రోడ్డే. ఈ ఎనుముల సంగతి మళ్ళీ వస్తుంది, పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

రోజూ పొద్దున్నే నేను ఒంటరిగా అక్కడికి పోయి కాఫీ తాగేవాణ్ణి. అక్కడ కాఫీని కోపి అంటారు. గింజలను చక్కెర, వనస్పతి వంటి కొవ్వుతో కలిపి నల్లగా వేయిస్తారు. ఉత్తినే కోపి అంటే డబ్బా పాలు పోసి తియ్యగా ఇస్తారు. కోపి ఓ అంటే పాలు లేనిది. కోపి సీ అంటే చక్కెర కలపని చిక్కటి పాలతో. సియు దాయి అంటే తీపి తక్కువ. గావ్ అంటే చిక్కగా, పెంగ్ అంటే ఐసుతో. కొసోంగ్ అంటే చక్కెర లేకుండా. కొసోంగ్ మలయ్ మాట, ఖాళీ, సున్న అని అర్థం. చైనీయుల రెండు మూడు భాషలూ మలయ్ కలిసి ఒక గ్లాసు కాఫీ చుట్టూ ఇంత నిఘంటువు తయారు చేశాయి. ఇది ఎందుకు అవసరమైందంటే, ప్రతి మనిషి నాలుకా వేరు, ప్రతి మనిషి ఒళ్ళూ వేరు.

నాకు చక్కెర వ్యాధి ఉంది. మొదటి రోజు నాకు ఆ మాటలేవీ తెలియవు. కౌంటరు దగ్గర ఉన్న ముసలాయన నన్ను ఒకసారి చూసి, "షుగర్?" అన్నాడు. నేను చేయి అడ్డంగా ఊపాను. "మిల్క్?" మళ్ళీ ఊపాను. "కోపి ఓ కొసోంగ్" అని నా చేత కూడా అనిపించి, గ్లాసు ముందుకు తోశాడు. మూడో రోజునుంచి నేను అడగకముందే వేసేవాడు. నూడుల్స్ అంగట్లోనూ అంతే. సారు ఉండాలా పొడిగానా, కారం వేయాలా వద్దా, లావుదా సన్నదా. కోడిమాంసం అన్నం అంగట్లో ఉడికించిందా వేపిందా, తోలు ఉండాలా తీయాలా. ప్రాటా అంగట్లో పప్పా, చేపల పులుసా. అడగకుండా ఎవడూ పళ్ళెం నింపలేదు. కొత్తవాణ్ణి కాబట్టి నేను కూడా అడిగేవాణ్ణి. ఇది దేనితో చేశారు, ఎట్లా తినాలి అని. పక్క బల్ల మీద కూర్చున్న పరాయివాళ్ళు నేర్పించారు.

మా అమ్మ సంగటి వడ్డించడం గుర్తుకు వచ్చింది. నాన్నకు పొగలు కక్కే పెద్ద ముద్ద. అన్నకు ముద్ద పక్కన ఊరిబిండి ఎక్కువ. నాకు చిన్న ముద్ద, సారు ఎక్కువ. అవరెకాయల కాలంలో పితికిపప్పు చేస్తే ఎవరి గిన్నెలో ఎంత పడాలో ఆమె గరిటెకు తెలుసు. అయినా ప్రతి పూటా "ఇంకొంచెం వేయాలనా?" అని అడిగేది. తెలిసినా అడగడం వడ్డనలో ధర్మం అని ఆమె ఎన్నడూ అనలేదు, చేసింది.

ఊరికి వచ్చి అన్న చేతిలో బ్యాటరీ పెట్టాను. ఆ రాత్రి చెరువు కట్ట మీదికి పోయి వెలిగిస్తే అవతలి గట్టు మీది టెంకాయ చెట్టు మట్టలు ఒక్కొక్కటీ కనిపించాయి. పిల్లలు కేకలు వేశారు. ఊళ్ళో నలుగురు వచ్చి చూసి పోయారు. జూలైలో అన్న ఫోను చేశాడు. ఆ నెలలో టమోటా ధర ఎట్లా పెరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు 2000 రూపాయలు దాటింది. అక్కడక్కడ తోటల్లో దొంగతనాలు జరుగుతున్నాయని వార్తలు వచ్చాయి. రైతులు రాత్రంతా కాపలా కాశారు. "నీ బ్యాటరీ భలే పనికొచ్చెరా. మంచె మీద కూర్చోని ఒక్కతూరి తిప్పితే నాలుగు మూలలా కనిపిస్తాది" అన్నాడు అన్న. నాకు ఆ రోజు ఆఫీసులో పని కూడా తేలికగా అనిపించింది. ఆరు వేలు వసూలైనాయి అనుకున్నాను.

సెప్టెంబరులో వినాయక చవితికి ఊరికి పోయాను. ఆ రాత్రి పదకొండున్నరకు కరెంటు వచ్చింది. అన్న లేచి, గోడ మేకుకు తగిలించిన పాత ప్లాస్టిక్ బ్యాటరీ తీసుకున్నాడు. నూటయాభై రూపాయలది, పచ్చటి మసక వెలుతురు. "అదేమన్నా, అది వద్దు, మంచిది ఉంది గదా" అన్నాను. "ఛార్జి లేదురా" అని గబగబా వెళ్ళిపోయాడు.

మా వదిన లోపలినుంచి వచ్చింది. "ఛార్జి ఉండాదప్పా. పొద్దున్నే పిల్లోడు పెట్టినాడు" అంది. కాసేపు ఆగి, మళ్ళీ ఆమే చెప్పింది. ఆగస్టులో ఒక రాత్రి పాత దానికి సెల్లులు అయిపోతే అన్న నేను తెచ్చినది పట్టుకొని పోయాడట. గట్టు మీద నడుస్తూ ఉంటే వెలుతురు ఎదుట మోటారు షెడ్డు మీద పడుతోంది, కాళ్ళ దగ్గర ఏమీ లేదు. కిందికి తిప్పితే పళ్ళెమంత తెల్లటి చుక్క, కళ్ళు చెదిరి చుట్టూ ఇంకా చీకటి. అడుగు వేయబోయే చోట బుస వినిపించి వెనక్కి దూకాడట. రక్తపింజరి. జానెడు దూరం. "ఆ పొద్దు ఇంటికొచ్చి గడప మీద కూర్చోని తెల్లారిందాకా లేవలేదు. నీకు చెప్పొద్దన్నాడు. అంత దూరంనుంచి తెచ్చినాడు, నొచ్చుకుంటాడు అన్నాడు" అంది వదిన.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెలవాళ్ళే, వానాకాలంలోనే. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ప్రతి పాముకాటునూ ఆసుపత్రులు తప్పనిసరిగా తెలపాలని ఆదేశించింది. ఈ అంకెలు నేను తర్వాత చదివాను. ఆ రాత్రి నా తలలో ఉన్న అంకె ఒకటే. జానెడు.

నేను వేసుకున్న ప్రశ్న ఇది. నా ఉద్దేశం మంచిదే కదా, తప్పు ఎక్కడ ఉంది? ప్రేమ ఉంది, డబ్బు ఖర్చు పెట్టాను, శ్రమ పడ్డాను. చట్టం దృష్టిలోనూ లోకం దృష్టిలోనూ నేను మంచి తమ్ముణ్ణే. కానీ ఆ రెండు రోజులూ సిమ్ లిమ్ స్క్వేర్‌లో నేను ఆలోచించింది బ్యాటరీ గురించి. అన్న నడక గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను చిన్నప్పుడు అదే గట్టు మీద నడిచినవాణ్ణి. నాకు తెలియనిది కాదు, తలుచుకోలేదు, అంతే. అంకెలు పోల్చడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖానికి అన్న పేరు పెట్టుకున్నాను.

భగవద్గీత 17వ అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా విడదీశారు. ఉత్తమమైనది తగిన చోట, తగిన కాలంలో, తగిన పాత్రకు ఇచ్చేది. మనం ఈ పాత్ర అన్న మాట పట్టుకొని పుచ్చుకునేవాడిని పరీక్షిస్తాం. వాడు యోగ్యుడా కాదా, అపాత్రదానం అవుతుందా అని. పరీక్ష ఇచ్చేవాడికి కూడా ఉందని ఎందుకు అనుకోం? పాత్ర అంటే గిన్నె కూడా. గిన్నె లోతు చూడకుండా పోసేవాడి చేతిది కూడా తప్పే.

ఇక్కడ నాకు ఎనుము గుర్తుకు వచ్చింది. 1990లలో నేను ఒక పల్లె శాఖలో కొత్త ఆఫీసరును. అప్పట్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద పేదలకు సబ్సిడీతో అప్పులు ఇచ్చేవాళ్ళం. 1978లో మొదలైన ఆ పథకం 1999లో ఇంకో పథకంలో కలిసిపోయింది. మాకు ఇంతమందికి అని లక్ష్యం ఉండేది. ఒక విధవరాలికి ఎనుము ఇప్పించాను. ఆమెకు సెంటు భూమి లేదు, మేత ఎక్కడినుంచి తెస్తుంది అని నేను అడగలేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడు నెలల తర్వాత తనిఖీకి పోతే, "బాగుండాది సార్, మీ దయ" అంది. చూపించిన ఎనుము పక్కింటివాళ్ళదని తర్వాత తెలిసింది. తనది మేత లేక అమ్మేసి, కూలికి పోయి కంతులు కడుతోంది. అప్పుడు నాకు కోపం వచ్చింది, అబద్ధం చెప్పిందని. ముప్పై ఏళ్ళ తర్వాత మా అన్న "ఛార్జి లేదురా" అన్నప్పుడు ఆ అబద్ధం ఏమిటో నాకు అర్థమైంది. సరిపడని మేలు పుచ్చుకున్నవాడి మీద రెండు బరువులు పడతాయి. ఆ వస్తువును మోయాలి. ఇచ్చినవాడి సంతోషాన్ని కూడా మోయాలి.

దీనికి కొందరు మిత్రులు అడ్డు చెప్పారు. మొదటి మాట, ఆ కాఫీ ముసలాయన అడిగాడంటే వ్యాపారం కోసం అడిగాడు, ప్రేమ కోసం కాదు అని. నిజమే. నచ్చకపోతే రేపు నేను పక్క అంగడికి పోతానని ఆయనకు తెలుసు. కానీ ఆ మాట నా పక్షానే సాక్ష్యం చెప్తుంది. నేను పోగలను కాబట్టి ఆయన అడిగాడు. మా అన్న ఎక్కడికి పోతాడు? ఆ విధవరాలు ఏ బ్యాంకుకు పోతుంది? కాదనే శక్తి లేనివాళ్ళను మనం అడగం. నిజానికి వాళ్ళనే ఎక్కువ అడగాలి.

రెండో మాట ఇంకా గట్టిది. అడిగిందే ఇస్తే పేదవాడి కోరిక ఎప్పటికీ చిన్నదిగానే ఉంటుంది కదా అని. మా అన్నను అడిగితే నూటయాభై రూపాయలది చాలంటాడు. ఆ విధవరాలు ఒక బస్తా రాగులు చాలంటుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అడగడం అంటే జాబితా రాయించుకోవడం కాదు. ఆ మనిషితో కలిసి ఒక రాత్రి ఆ గట్టు మీద నడవడం. అమ్మ పళ్ళెంలోకి చూసి అడిగేది, అందుకే మొహమాటానికి చాలన్నా ఇంకో గరిటె వేసేది. చూడకుండా అడిగితే పత్రం నింపడం అవుతుంది, అడగకుండా ఇస్తే నా బ్యాటరీ అవుతుంది.

మా జిల్లాకు ఇది పాత కథే. 1902లో శివనసముద్రంలో కావేరి నీళ్ళతో తీసిన కరెంటును 147 కిలోమీటర్లు తీగల మీద నడిపించి కోలారు బంగారు గనులకు తెచ్చారు. బెంగళూరు వీధులకు కరెంటు దీపాలు వచ్చింది మూడేళ్ళ తర్వాత, 1905లో. ఆ రోజుల్లో అంత దూరం కరెంటు పంపడం లోకానికే వింత. దారి పొడుగునా పల్లెల నెత్తి మీదుగా పోయిన ఆ తీగ ఆ పల్లెల్లో ఒక్క దీపం వెలిగించలేదు. దూరాన ఉన్న బంగారం కనిపించింది, కింద ఉన్న మనిషి కనిపించలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ తీగను వేసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వాళ్ళ బ్యాటరీ కూడా నా బ్యాటరీ లాంటిదే.

ఆ గనుల్లోనే మా అమ్మ చిన్నాయన పని చేశాడు, ఛాంపియన్ రీఫ్‌లో. మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయిన గని అది. తల మీద టోపీకి దీపం, నడుముకు బ్యాటరీ, రెండు చేతులూ పనికి ఖాళీ. తల ఎటు వంచితే వెలుతురు అటే అని ఆయన చిన్నప్పుడు మాకు తలాడించి చూపించేవాడు. సుగటూరుకు ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో దశాబ్దాలపాటు వేలమంది తల మీద పెట్టుకున్న వస్తువు అది. నేను సింగపూరు పోయి వెతికాను.

చవితి మరునాడు, ఆ మరునాడు రాత్రి అన్నతో కలిసి మోటారు దగ్గరికి నడిచాను. ఒక చేతిలో పార ఉంటుందని, షెడ్డు దగ్గర స్టార్టరు పెట్టె తెరవడానికి రెండు చేతులూ కావాలని, అప్పుడు బ్యాటరీని చంకలో ఇరికించుకుంటాడని చూశాను. ముప్పై ఏళ్ళుగా ఇరికించుకుంటున్నాడట. తర్వాతి వారం ఎస్.పి. రోడ్డులో తలకు కట్టుకునే దీపం ఒకటి కొన్నాను. ఏడు వందల రూపాయలు. పచ్చటి వెలుతురు, వెడల్పుగా పరుచుకుంటుంది, మా ఊరి చిల్లరంగట్లో దొరికే మామూలు సెల్లులతో నడుస్తుంది. ఈసారి ఇచ్చి ఊరుకోలేదు. "సరిపోతుందా చూడన్నా, లేకపోతే మార్చుకొని వస్తాను" అన్నాను.

అన్న దాన్ని తల మీద పెట్టుకొని, పట్టీ బిగించుకొని, అరుగు దిగాడు. దీపం నేరుగా ఎదుటి గోడ మీద పడింది. ఆయన రెండు వేళ్ళతో దాని మెడ పట్టుకొని కిందికి వంచాడు. వెలుతురు గోడ దిగి, వాకిలి దాటి, ఆయన కాళ్ళ ముందు నిలబడింది. "ఇప్పుడు సరిపాయ" అన్నాడు.

ఆరు వేల బ్యాటరీ కూడా ఆయన దగ్గరే ఉంది. టమోటా పండినప్పుడు మంచె ఎక్కుతుంది. తోటను కాయడానికి అంతకన్నా మంచిది లేదని అన్న ఇప్పటికీ అందరికీ చెప్తాడు. ఆ మాట నిజమేనని ఇప్పుడు నేను నమ్ముతున్నాను, ఎందుకంటే రెండోది మోటారు దగ్గరికి పనికి రాదని కూడా నాతో చెప్పాడు.